ముసురు తుపాకికి పాట

మొదటి నమోదు. కోతగాళ్ళు వెళ్ళిన పూట

కాల్చిన మేకులు: మూడు బుట్టలు. రాగి చుట్టల వేడి: చెయ్యి పెట్టలేనంత. ఇతర విశేషాలు: ఉన్నాయి. మాకు తుపాకులూ ఈ లెక్కల పుస్తకమూ ఇచ్చే డిపోవాళ్ళు ఈ మూడో గడిని అరచెయ్యంత కూడా ఇవ్వలేదు. నా చేతిరాత పెద్దది కాబట్టి వెనక పేజీల్లోకి పోతున్నాను. చదివే ఓపిక లేనివాళ్ళు మొదటి రెండు గడులతో సరిపెట్టుకోవచ్చు.

మా మంచె గిన్నె అంచు మీద ఉంది. గిన్నె అంటే మా ఊరు, పెద్ద గుంట అడుగున కట్టుకున్నది. మంచెకు ఇటు పక్క ఊరు, అటు పక్క తెల్లటి ఉప్పు మైదానం, మైదానం చివర మంచు గోడ. ఆ మంచు కోసి తెస్తేనే ఊళ్ళో పొయ్యి మీదికి ఎసరు ఎక్కేది. మధ్యలో పిట్టలున్నాయి. పాత యుద్ధంలో ఎవరో ఎవరి మీదికో వదిలిన యంత్రాలవి. వదిలినవాళ్ళు ఎప్పుడో పోయారు, ఆ సంగతి వీటికి చెప్పేవాళ్ళు లేరు. వెచ్చగా కదిలేది ఏది కనిపించినా వచ్చి వాలి కాల్చేస్తాయి. కోతగాళ్ళు మైదానం దాటుతున్నంతసేపూ వాటిని తోలడం మా పని. చేను కాపలా లాంటిదే, కాకపోతే మా దగ్గర వడిసెల బదులు ముసురు ఉంది.

దాన్ని డిపో కాగితాల్లో విద్యుదయస్కాంత శీఘ్ర సహాయక ఆయుధం అంటారు. అంత పేరు పెట్టి పిలిచేలోపు పిట్ట నెత్తి మీద ఉంటుంది. దీనికి మందు లేదు, పొగ లేదు, పేలుడు లేదు. పొడుగాటి గొట్టం చుట్టూ రాగి చుట్టలుంటాయి. అవి గుంయ్‌మంటూ ఇనప మేకులను ఒకదాని వెనక ఒకటి తెరిపి లేకుండా విసురుతాయి. ముసురు అంటే రోజుల తరబడి పట్టే సన్న వాన అట. మొదట ఇక్కడికొచ్చిన అమ్మమ్మలు ఈ చప్పుడు విని ఆ పేరు పెట్టారు. ఇక్కడ వాన పడదు. మాలో దాన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

సీట్లో కూర్చునేది మా మరిది గవరయ్య. నేను కాస్త ఎడంగా ఒక రాతి మీద కూర్చుంటాను. ముసురు నడిచేటప్పుడు సీట్లో ఉన్న మనిషి కళ్ళ నిండా వెలుగులు విచ్చుకుంటాయి, వాటిని మేం పూలంటాం. కళ్ళు తెరిచినా పూలే, మూసినా పూలే. అందుకని గవరయ్య కళ్ళు మూసుకునే కాలుస్తాడు. చూసేది నేను. చుట్టల అయస్కాంత బలానికి రేడియోలు మూగబోతాయి కాబట్టి పిట్ట ఎటుందో నోటితోనే చెప్పాలి. ఉత్త మాట గుంయ్‌లో కలిసిపోతుంది కాబట్టి పాడాలి. పాట పాదం సాగినంతసేపు అతను మీట నొక్కి ఉంచుతాడు. నేను ఊపిరి తీసుకుంటే వదులుతాడు, ఆ కాస్తలో చుట్టలు చల్లబడతాయి.

"కుడికి తిరిగిన కొంటె పిట్టా, గూడు లేదే ఆ పక్కా" అంటే గొట్టం కుడికి. "పైనించొచ్చే పాడు పిట్టా, పంట లేదే మా చేలో" అంటే పైకి. డిపో రంగనాయకులు గారు ఒకసారి ఇది చూసి, "మీరు యుద్ధం చేస్తున్నారా, పిల్లల్ని నిద్రపుచ్చుతున్నారా?" అని అడిగారు. పెళ్ళి కాని మనిషి, ఆ రెంటికీ పెద్ద తేడా లేదని ఆయనకెలా తెలుస్తుంది?

ఈసారి కోతకు నా కూతురు వరాలు కూడా వెళ్ళింది. మొదటిసారి. వద్దన్న నా మాట చెవిన వేసుకోలేదు. మంచు బండి తాడు భుజాన వేసుకుని అందరికంటే ముందు నడిచింది. పిట్టలు వచ్చిన ప్రతిసారీ తోలేశాం. మంచు గోడ దగ్గరికి చేరాక అది వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపింది. అంత దూరాన నా చిటికెన వేలి గోరంత ఉంది. దాటేసింది నా తల్లి అనుకోగానే కళ్ళు తడిశాయి. నోట్లో ఉన్న "చేలో" అన్న మాటను వదలబుద్ధి కాలేదు. సాగదీశాను. ఊపిరంతా అయిపోయి తల తిరిగేదాకా సాగదీశాను. అప్పటికి మైదానం మీద ఒక్క పిట్ట కూడా లేదు. పాట ఉన్నంతసేపూ మీట వదలొద్దని గవరయ్యకు నేర్పింది నేనే, అతను వదల్లేదు.

సీటు పక్కనున్న చుట్ట టప్పుమని పగిలింది.


రెండో నమోదు. ఒక నిద్ర తర్వాత

మేకులు: లేవు. వేడి: లేదు.

సూర్యుడు కొండ అంచు మీద వాలాడంటే ఇక చాలా నిద్రల వరకు కదలడు. అందుకే మేం నిద్రలే లెక్కపెట్టుకుంటాం. మైదానమంతా పానకం రంగులో ఉంది. నీడలు పొడుగ్గా పడి అలాగే ఉండిపోయాయి. ఈ వెలుగులో ఏ పని చేసినా నిద్రలో చేస్తున్నట్టే ఉంటుంది. తడిగుడ్డతో చుట్టలు తుడుస్తూ ఆ పగులును మళ్ళీ మళ్ళీ తడిమాను. వెంట్రుక వాసి పగులు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"తప్పు నీది కాదు వదినా" అన్నాడు గవరయ్య, చోడంబలి గిన్నె చేతిలో పెట్టుకుని. "పాట బాగున్నాదని నానే ఒగ్గనేకపోనాను."

"బాగున్నాదేటి? బుద్ధి నేని పాట అది."

"నాకేటి కనిపించిందో తెలుసేటి? ముందు పూలే వొచ్చేయి. నువ్వలగ లాగుతుంటే పూలన్నీ కరిగిపోయి గీతలైపోనాయి. నీలం గీతలు, పైనించి కిందకి, ఎటు సూసినా అవే. సప్పుడు నేదు. ముసురంటే అదే అయ్యుంటాది."

"వానలో తడిసొచ్చినోడినాగ సెప్తన్నావు."

"తడిసేను కదా మరి" అని నవ్వి, అంబలి తాగేశాడు. వీడితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. మా ఆయన బతికున్నప్పుడు కూడా తమ్ముడితో మాటకు మాట అనలేక గొంగళి ముసుగు పెట్టేవాడు.

రేడియోలో రంగనాయకులు గారికి సంగతి చెప్పాను. వెటకారం చేస్తారనుకున్నాను. ఆయన పగులు ఏ వైపుందని అడిగారు. నాకు అప్పుడే భయం పట్టుకుంది.

"నూకరత్నం గారూ, చుట్ట పగిలినా తుపాకి నడుస్తుందండీ, అదే వచ్చిన చిక్కు. గొట్టంలో తిరగాల్సిన బలం సీటు వైపు కారుతుంది. కాల్చిన ప్రతి విడతకూ ఆ మనిషి చూపు కొంత పోతుంది. పోయింది మళ్ళీ రాదు. యుద్ధకాలంలో అలా పోయినవాళ్ళున్నారు. కొత్త చుట్ట బండికెత్తిస్తున్నాను. అది బిగించేదాకా దయచేసి ముట్టుకోకండి."

"కోతోళ్ళు తిరిగొచ్చీలోపు బండి వొస్తాదాండీ?"

"రావాలనే కోరుకుందాం" అన్నారు.


మూడో నమోదు. ఇంకో రెండు నిద్రల తర్వాత

మేకులు: కాల్చలేదు. వంగినవి తిన్నగా కొట్టి పెట్టాను, చేతులు ఊరికే ఉండలేక.

డిపో బండి రాలేదు. గిన్నె గోడ ఎక్కే దారిలో మెత్త దుమ్ములో దిగబడిందట. లాగుతున్నారు. మంచె మీంచి తొంగి చూస్తే దారిలో ఎక్కడో చిన్న దుమ్ము పొగ కనిపిస్తోంది. లేస్తుంది, అణుగుతుంది, మళ్ళీ లేస్తుంది, ఉన్నచోటే ఉంటుంది. చూసి చూసి కునుకు పట్టింది. కలలో మైదానమంతా పూసింది. వరాలు కొడవలి పట్టుకుని పూలు కోసి బండికెత్తుతోంది. ఎత్తినవి ఎత్తినట్టే నీళ్ళైపోతున్నాయి. కలలో నాకు ఏ దిగులూ లేదు. మెలకువ వచ్చాక మాత్రం ఆ దుమ్ము పొగ కదిలిందేమోనని మళ్ళీ తొంగి చూశాను.

కోతగాళ్ళ పెద్ద పోలినాయుడు రేడియోలోకి వచ్చాడు. నోటి దురుసు మనిషి, పనిలో మాత్రం వంక పెట్టలేం. ఎక్కడికెళ్ళినా అందరినీ ముందు నడిపించి తాను చివర నడుస్తాడు. మంచు గోడ దగ్గర గాలి చెడ్డది, వాళ్ళు సీసాల్లో గాలి మోసుకెళ్ళి పీలుస్తారు.

"రత్నమ్మా, బండి నిండిపోనాది. గాలి సీసాలు అడుక్కొచ్చీసేయి. ఇంకొక్క నిద్ర తీసి బయిల్దేరిపోతాం. మీ ముసురు తయారేనా?"

చుట్ట సంగతి చెప్పాను.

"అయితే మమ్మల్నేటి సెయ్యమంటావు? ఇక్కడే కూకుని గాలి నేక సావమంటావా?"

గవరయ్య నా చేతిలోంచి రేడియో లాక్కున్నాడు. "తయారే పోలినాయుడూ. బయిల్దేరండి" అని కట్టేశాడు.


నాలుగో నమోదు. నిద్ర పట్టని నిద్ర

"సీట్లో నాను కూకుంటాను. నువ్వు రాయి మీద కూకుని పాడు" అన్నాను.

"నా గొంతు ఇంటే పిట్టలు వాటంతటవే సచ్చిపోతాయి" అన్నాడు గవరయ్య. నేను నవ్వలేదు. సరే చూద్దాం రమ్మని అతన్ని రాతి మీద కూర్చోబెట్టాను. జంట దిబ్బల దగ్గర ఏముందో చెప్పమన్నాను.

కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. "పిట్ట. వాలున్నాది."

అది బండరాయి. మేమిద్దరం ఈ మంచె ఎక్కిన నాటినుంచీ అక్కడే ఉంది. ఏళ్ళ తరబడి పూలు చూసిన కళ్ళవి. దగ్గరివి బాగానే చూస్తాయి, దూరానికి పోతే ఏది పిట్టో ఏది పువ్వో తేల్చుకోలేవు. అతను పాడితే ముసురు బండరాళ్ళ మీద కురుస్తుంది, పిట్టలు నా కూతురి మీద వాలతాయి. పిలిచేది నేనే కావాలి, కూర్చునేది అతనే కావాలి. వేరే దారి కోసం బుర్ర బద్దలు కొట్టుకున్నాను. దొరకలేదు.

ఇది గడిలో పట్టే సంగతి కాదు, అయినా రాస్తున్నాను. చుట్ట పగిలింది నా మురిపెం వల్ల. రేపు నడిచి రావలసింది నా బిడ్డ. ఖర్చయ్యేది మాత్రం అతని కళ్ళు. అతని ముఖం చూడాలంటే నాకు ముఖం చెల్లడం లేదు.

"నీ కళ్ళు గవరయ్యా" అన్నాను.

"నా కళ్ళే. నీవని నానెప్పుడైనా అన్నానేటి?" అన్నాడు. గొంగళి దులుపుకుంటూ, "వరాలు నీకొక్కదానికే కూతురనుకుంతన్నావేటి? అది మొదట నడిసింది నా ఏలు అట్టుకుని" అన్నాడు. తర్వాత అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడు కూడా. గురక విన్నాను.


ఐదో నమోదు. కోతగాళ్ళు తిరిగొచ్చిన పూట

కాల్చిన మేకులు: లెక్క పెట్టలేదు. వేడి: చూడలేదు. తిట్టుకుంటే తిట్టుకోండి.

డిపో బండి అందలేదు. మంచు గోడ దగ్గర కోతగాళ్ళు వరసగా కనిపించారు, ముందు తాడు లాగుతూ వరాలు, చివర పోలినాయుడు. సగం దూరం ఏ పిట్టా రాలేదు. మైదానం ఎంత నిశ్శబ్దంగా ఉందంటే బండి కింద ఉప్పు నలగడం మంచె దాకా వినిపించింది. ఇలాగే వచ్చేస్తారేమో అని ఆశపడ్డాను. అప్పుడు జంట దిబ్బల వెనకనుంచి లేచాయి, ఒక మబ్బుగా.

పాట ఎత్తుకున్నాను. పాదాలను కత్తిరించి పాడాను, మాటకూ మాటకూ మధ్య సాగదీత లేకుండా, ఎంత తక్కువ కాలిస్తే అంత చూపు మిగులుతుందని. "ఎడమన దిగిన ఎర్రి పిట్టా!" ముసురు కురిసింది. పగిలిన చుట్టలోంచి కారిన బలం నా రాతి దాకా వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా కంటి కొసల్లో పూలు పూశాయి. నీలం, పసుపు, మళ్ళీ నీలం. చప్పుడు లేకుండా విచ్చుకుని చప్పుడు లేకుండా పోయాయి. వీటి కోసమా మా గవరయ్య ఇన్నాళ్ళూ ఆ సీటు వదలనిది అనుకున్నాను. తెలుస్తున్నట్టే ఉంది, అయినా తల విదిలించుకుని పిట్టల వైపు చూశాను.

ప్రతి పాదం తర్వాతా ఊపిరి తీసుకునే సందులో నా చెయ్యి పైకెత్తి, "కనిపిస్తన్నాదా?" అని అరిచాను. అతను కళ్ళు తెరిచి చూసేవాడు.

"కనిపిస్తన్నాది. ఏళ్ళు కూడా. పాడు."

పాడాను. పిట్టలు రాలుతున్నాయి, రాలినవి తెల్ల నేల మీద కాసేపు మెరిసి ఆరిపోతున్నాయి.

"ఇప్పుడు?"

"సెయ్యే. పాడు."

పాడాను.

"గవరయ్యా, ఇప్పుడు?"

"ఏదో ఉన్నాది. ఊగుతన్నాది. పాడు వదినా, నా మీదేటి నీ సూపు, మైదానం మీద ఉండాల గానీ."

వరాలు మంచె కింది సొరంగం నోటిదాకా వచ్చింది. తల వంచింది, తాడుతో సహా లోపలికి దూరింది. బండి వెళ్ళింది, దాని వెనక మిగిలినవాళ్ళూ వెళ్ళారు. నా బిడ్డ కాళ్ళ చప్పుడు నేను కూర్చున్న రాతి కిందనుంచే పోవడం విన్నాను.

నా గొంతు ఆగిపోయింది.

మైదానం మీద ఇంకా పోలినాయుడు ఉన్నాడు. బొద్దు మనిషి, పరుగెత్తలేక నడుస్తున్నాడు. అతని నెత్తి మీద పిట్టలు సుడి తిరుగుతున్నాయి. నాకు స్పష్టంగా కనిపిస్తున్నాడు. నేను నోరు తెరవలేదు. ఇక చాలు, ఆ మిగిలిన కాస్త చూపైనా గవరయ్యకు మిగలనీ అనుకున్నాను. నా కూతురు వచ్చేసింది కదా అని కూడా అనుకున్నాను. రెండూ అనుకున్నాను, ఏది ముందో నాకు తెలియదు.

"వదినా?" అన్నాడు గవరయ్య, మీట మీద చెయ్యి అలాగే ఉంచి. "ఇంకెవలైనా ఉన్నారేటి?"

లేరు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట నా నోట్లోకి వచ్చింది కూడా.

"నేరు అననేదు కదా నువ్వు" అన్నాడు. "అంటే ఉన్నారు. పాడు."

"నీకు సెయ్యి కనిపించటం నేదు గవరయ్యా."

"అక్కడున్నోడికి పిట్టలు కనిపిస్తన్నాయి. పాడవే తల్లీ."

నేను పెళ్ళయి వచ్చిన నాటినుంచి అతను నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. పాడాను. "పైనించొచ్చే పాడు పిట్టా" అని మొదటి పాదం, "కుడికి తిరిగిన" అని రెండో పాదం. ఏడుస్తూ పాడితే రాగం ఎక్కడో పోయింది గానీ దిక్కులు మాత్రం తప్పలేదు. పూలు ఈసారి కంటి కొసల్లో ఆగకుండా మైదానమంతా పరుచుకున్నాయి. ఆ పూలలోంచి పోలినాయుడు రొప్పుతూ నడిచి వచ్చాడు. అతను సొరంగంలోకి దూరాక ఊపిరి తీసుకున్నాను. గవరయ్య మీట వదిలాడు. ఈసారి నేను చెయ్యి ఎత్తలేదు.


ఆరో నమోదు. ఒక నిద్ర తర్వాత

మేకులు: లేవు. ఇతర విశేషాలు: కొత్త చుట్ట వచ్చింది. దాన్ని మోసుకొచ్చినవాళ్ళతో రంగనాయకులు గారు స్వయంగా వచ్చారు. గవరయ్య కళ్ళ ముందు దీపం తిప్పి చూసి, దీపం ఆర్పేసి, అతని భుజం మీద చెయ్యి వేశారు. వరాలు చిన్నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని అంబలి తాగిస్తానంటే, "నోరు కనిపించకపోవడానికి నోరేటి దూరంగున్నాదా?" అని గిన్నె లాక్కుని తానే తాగాడు. అది ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

కాసేపటికి పోలినాయుడు మెట్లెక్కి వచ్చాడు. కళ్ళ సంగతి అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. దండం పెడతాడనుకున్నాను. రావడం రావడమే నా మీద పడ్డాడు.

"ఏటి రత్నమ్మా, మజ్జలో ఆపీసినావు? నెత్తి మీద పిట్టలు, ఇటు సూస్తే ముసురు నేదు! నా పేనాలు పోనాయనుకున్నాను. అందరూ వొచ్చీసినారు, ఈడొక్కడే కదాని ఒగ్గీసినావేటి?"

అతను నోటికొచ్చింది అన్నాడు, అంతే. అయినా ఉన్నది ఉన్నట్టే అన్నాడు. వరాలు నా వైపు తిరిగింది. అవును అని చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఊపిరి తీసుకున్నాది" అన్నాడు గవరయ్య.

"అంతసేపేటి?"

"అంత పాట పాడినప్పుడు అంత ఊపిరి పడతాది. నీకేటి తెలుసు? మీట నా సేతిలో ఉన్నాది, ఎంతసేపు ఆగిందో నాకు తెలీదేటి? ఊపిరే తీసుకున్నాది మా వదిన."

పోలినాయుడు ఏదో గొణుక్కున్నాడు. గవరయ్య నవ్వుతూ నా వైపు ముఖం తిప్పాడు, ఔనా వదినా అన్నట్టు. నేను అటు లేను. అతను చూస్తున్న చోట ఉత్త మేకుల బుట్ట ఉంది. నేను చప్పుడు కాకుండా లేచి, బుట్ట పక్కకు జరిపి, అక్కడికి వెళ్ళి కూర్చున్నాను.